ఒక్క ప్రమాణం చేస్తే పోయేదిగా? అకాడియన్ల గెంటివేత వెనక ఉన్న నేల కథ

అకాడియన్లు అంటే ఇప్పటి కెనడా తూర్పు తీరంలో స్థిరపడ్డ ఫ్రెంచి రైతులు. వాళ్ల కథ మొదటిసారి విన్న ఎవరికైనా వచ్చే డౌటు ఒకటే. ఒక్క ప్రమాణం చేస్తే పోయేదిగా? 1755లో బ్రిటిష్ అధికారులు తమ రాజుకు విధేయత చూపుతామని ప్రమాణం చేయమన్నారు. వీళ్లు చేయమన్నారు. (తెలుగులో ఆ రెండు మాటలూ ఒకేలా ఉంటాయి, అర్థాలు మాత్రం ఎదురెదురు.) దాంతో ఊళ్లకు ఊళ్లను ఓడలెక్కించి అట్లాంటిక్ తీరమంతా చెదరగొట్టారు. మామూలుగా చెప్పే సారాంశం ఇంతే, అందులో అబద్ధమేమీ లేదు. కానీ అలా చెబితే తప్పంతా కొందరు రైతుల మొండితనం ఖాతాలో పడిపోతుంది. నేను చదివినంతలో గొడవ ప్రమాణం దగ్గర మొదలు కాలేదు, అక్కడ ఆగనూ లేదు. నేల గురించి తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. కాబట్టి ముందు ఆ నేల దగ్గరికి వెళ్దాం.

సముద్రం నుంచి గుంజుకున్న పొలం

ఇప్పటి కెనడా తూర్పు అంచున నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రాల మధ్య ఫండీ అఖాతం ఉంది. ప్రపంచంలో పోటు ఎక్కువగా లేచే చోట్లలో ఇది మొదటిది. లోపలి మైనాస్ బేసిన్‌లో ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది, అంటే ఐదంతస్తుల మేడంత. పోటు వచ్చినప్పుడల్లా మునిగి, ఆటుకు తేలే బురద మైదానాలు మైళ్ల కొద్దీ ఉంటాయి. 1605లో ఫ్రెంచివాళ్లు ఇక్కడ పోర్ట్ రాయల్ స్థావరం పెట్టారు. 1630ల నుంచి పశ్చిమ ఫ్రాన్స్‌కు చెందిన కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. కొత్త ఖండానికి వచ్చినవాళ్లు మామూలుగా అడవి కొట్టి పొలం చేస్తారు. వీళ్ల కన్ను మాత్రం ఆ బురద మీద పడింది.

గడ్డి వేళ్లతో సహా మట్టి పెళ్లలు కోసి, వాటిని పేర్చి కరకట్టలు కట్టారు. వాగు సముద్రంలో కలిసే చోట కట్ట అడుగున చెక్క తూము పెట్టారు. తూము లోపల ఒకవైపే తెరుచుకునే చెక్క తలుపు ఉంటుంది. ఆటు సమయంలో పొలంలోని వాననీరు ఆ తలుపును తోసుకుని బయటికి పోతుంది. పోటు వస్తే సముద్రమే దాన్ని నొక్కి మూసేస్తుంది. మనిషి కాపలా అక్కర్లేదు, రోజుకు రెండుసార్లు దాని పని అదే చేసుకుంటుంది. ఈ ఏర్పాటును వాళ్లు అబ్వాతో అంటారు. కట్ట కట్టాక రెండు మూడేళ్లు ఆగాలి. వానలు ఉప్పును కడిగేసి చౌడు వదిలాక, శతాబ్దాల ఒండ్రు పేరుకున్న ఆ నేలలో గోధుమ వేస్తే ఎరువు లేకుండానే పండేది.

కరకట్ట ఒక్క ఇంటివాళ్లు కట్టగలిగేది కాదు. ఎక్కడ గండి పడినా ఊరి పొలమంతా ఉప్పుపాలవుతుంది. కాబట్టి కట్టేటప్పుడూ, ఏటా బాగు చేసేటప్పుడూ ఊరంతా దిగాల్సిందే. అకాడియన్ ఊళ్లలో అందరికీ అందరూ చుట్టాలు కావడానికి, బయటి అధికారి ఎవరు చెప్పినా ఓ పట్టాన వినకపోవడానికి మూలం ఈ కట్టల పనిలోనే ఉందని నాకనిపిస్తుంది. పారిస్ నుంచి ఏ సాయమూ పెద్దగా రాలేదు. ఎవరికీ జవాబు చెప్పకుండా బతకడం వాళ్లకు అలవాటైపోయింది.

ఆ ప్రాంతం అసలు మిక్‌మాక్ తెగవాళ్లది. వాళ్ల వేటకు అడవి ముఖ్యం, అకాడియన్లకు బురద ముఖ్యం. అలా ఇద్దరికీ పెద్దగా పేచీ రాలేదు. ఇచ్చిపుచ్చుకోవడాలు, కొన్ని పెళ్లిళ్లు, ఒకే మతం కలిశాయి. తిండికి లోటు లేదు, ఇంటికి పది మంది పిల్లలు మామూలు. 1710 ప్రాంతంలో 2 వేలకు అటూ ఇటూ ఉన్న జనం 1755 నాటికి సుమారు 14 వేలయ్యారు.

ప్రమాణంలో ఉన్న మెలిక

1710లో బ్రిటిష్ సేనలు పోర్ట్ రాయల్‌ను గెలుచుకుని అన్నాపొలిస్ రాయల్ అని పేరు మార్చాయి. 1713 యూట్రెక్ట్ సంధిలో ఫ్రాన్స్ అకాడియా అనే ఈ ప్రాంతాన్ని 'దాని పాత సరిహద్దుల' ప్రకారం బ్రిటన్‌కు వదులుకుంది. ఆ పాత సరిహద్దులు ఏవో ఎవరూ తేల్చలేదు. పక్కనే ఉన్న కేప్ బ్రెటన్ దీవిని ఫ్రాన్స్ ఉంచుకుని అక్కడ లూయిస్‌బర్గ్ కోట కట్టడం మొదలుపెట్టింది. మిక్‌మాక్‌లను ఎవరూ అడగనే లేదు.

సంధి ప్రకారం అకాడియన్లు కావాలంటే ఏడాదిలోగా వెళ్లిపోవచ్చు, ఉండాలనుకుంటే బ్రిటిష్ ప్రజలుగా ఉండవచ్చు. కొందరు కేప్ బ్రెటన్ వెళ్లి చూశారు. రాళ్లు, పొగమంచు తప్ప సాగుకు పనికొచ్చే నేల కనిపించక చాలామంది వెనక్కి వచ్చేశారు. ఇంకో విషయం ఉంది. వెళ్లాలనుకున్నవాళ్లకు బ్రిటిష్ అధికారులే అడ్డం పడ్డారు. ఎందుకంటే కోటలోని సైనికులకు తిండి పెట్టేది వీళ్లే. ఉంటే అనుమానం, పోతే ఆకలి. ఆ నలభై ఏళ్ల పాలన సంగతి ఆ రెండు మాటల్లో ఉంది.

ప్రమాణం విషయంలో అకాడియన్ల వాదన మొదటి నుంచీ ఒకటే. రాజుకు విధేయంగా ఉంటాం, కానీ ఆయుధం పట్టం. ఫ్రెంచివాళ్ల మీదా పట్టం, మిక్‌మాక్‌ల మీదా పట్టం, మీ మీదా పట్టం. దీన్ని మొండితనం అనుకునే ముందు వాళ్ల చోటులో నిలబడి చూడాలి. బ్రిటిష్ పక్షాన తుపాకీ పడితే అడవిలోంచి దాడి వస్తుంది, ఆ దాడి చేసేవాళ్లలో తమ చుట్టాలే ఉండవచ్చు. పట్టకపోతే కోటలోంచి నోటీసు వస్తుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. దానికి తోడు మతభయం. ఫాదర్లు వచ్చేది ఫ్రెంచి క్యూబెక్ నుంచి. ఆనాటి బ్రిటిష్ చట్టం క్యాథలిక్కులకు ఓటు, పదవి ఇచ్చేది కాదు.

1730లో గవర్నర్ రిచర్డ్ ఫిలిప్స్ ఈ ముడిని చాకచక్యంగా విప్పాడు, లేదా ఇంకా గట్టిగా బిగించాడు. అకాడియన్ల చేత ప్రమాణపత్రం మీద సంతకాలు పెట్టించాడు. ఆయుధం పట్టనక్కర్లేదని నోటిమాటగా హామీ ఇచ్చాడు. పత్రంలో ఆ ముక్క రాయలేదు. అక్కడున్న ఇద్దరు ఫాదర్లు ఆ హామీని విడిగా కాగితం మీద రాసిపెట్టారు. లండన్‌కు ఫిలిప్స్ పంపిన కబురులో మాత్రం అకాడియన్లు ప్రమాణం చేశారన్న మాటే ఉంది, షరతు లేదు. అప్పటి నుంచి ఒకే ప్రమాణానికి రెండు ప్రతులు. ఊళ్లలో షరతున్న ప్రతి, ఆఫీసుల్లో షరతు లేని ప్రతి. బ్రిటిష్‌వాళ్లు కూడా వీళ్లను 'తటస్థ ఫ్రెంచివాళ్లు' అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరు పాతికేళ్లు చెల్లింది. కాబట్టి 1755లో అడిగింది ప్రమాణం చేస్తారా లేదా అని కాదు. ఎప్పుడో చేసిన ప్రమాణంలోని షరతును చెరిపేసి మళ్లీ చేయమని అడిగారు.

అకాడియన్లందరూ గంధం పూసుకున్న తటస్థులేమీ కారు. కొందరు లూయిస్‌బర్గ్‌కు గొడ్లనూ ధాన్యాన్నీ అమ్ముకున్నారు. 'బోసొలే' అనే పేరుతో ప్రసిద్ధుడైన జోసెఫ్ బ్రూసార్ లాంటివాళ్లు మిక్‌మాక్‌లతో కలిసి బ్రిటిష్‌వాళ్ల మీద పోరాడారు. ఫ్రెంచివైపు నుంచీ వీళ్లకు మనశ్శాంతి లేదు. 1750లో బ్రిటిష్ సేన వస్తోందని తెలిసి, ఫ్రెంచి పక్షాన పనిచేసిన ఫాదర్ ల లూత్ర్ అనుచరులు బోబాసాఁ ఊరినే తగలబెట్టి, అక్కడి అకాడియన్లు సరిహద్దు దాటి ఫ్రెంచి వైపు పోక తప్పని పరిస్థితి తెచ్చారు. మొదటి గెంటివేత అదే అని కూడా అనవచ్చు.

మద్రాసుకు లూయిస్‌బర్గ్

ఇక్కడ మన తీరానికీ ఆ తీరానికీ నిజంగానే ఒక ముడి ఉంది. 1745లో న్యూ ఇంగ్లండ్ (ఇప్పటి అమెరికా ఈశాన్య మూల, బోస్టన్ చుట్టుపక్కల) బ్రిటిష్ వలస రాష్ట్రాల సైన్యం లూయిస్‌బర్గ్ కోటను పట్టుకుంది. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నారు. 1748 ఎక్స్ లా షపెల్ సంధిలో బ్రిటన్‌కు మద్రాసు తిరిగొచ్చింది, ఫ్రాన్స్‌కు లూయిస్‌బర్గ్ తిరిగొచ్చింది. కంపెనీవాళ్లకు ఇది మంచి బేరమే. బోస్టన్‌లో మాత్రం రక్తం మరిగింది, తమ మనుషులు చచ్చి గెలిచిన కోటను ఎక్కడో ఉన్న మద్రాసు కోసం ఇచ్చేశారని.

లూయిస్‌బర్గ్ మళ్లీ ఫ్రెంచి చేతికి పోయింది గనుక, దానికి పోటీగా 1749లో బ్రిటన్ హాలిఫాక్స్ నగరం కట్టింది. ఎడ్వర్డ్ కార్న్‌వాలిస్ గవర్నర్‌గా 2,500 మంది దాకా కొత్త జనంతో దిగాడు. అంతవరకూ నోవా స్కోషియాలో బ్రిటిష్ పాలన అంటే ఒక చిన్న కోట, చుట్టూ ఫ్రెంచి రైతులు. ఇప్పుడు ప్రొటెస్టెంట్ వలస, సైన్యం, నౌకాదళం అన్నీ వచ్చాయి. తిండి కోసం అకాడియన్ల మీద ఆధారపడాల్సిన అవసరం తగ్గిపోతోంది, వాళ్ల పొలాల మీద ఆశ పెరుగుతోంది. కార్న్‌వాలిస్ వచ్చీ రాగానే షరతు లేని ప్రమాణం అడిగాడు. వాళ్లు పాత జవాబే ఇచ్చారు. మిక్‌మాక్‌ల తలకు వెల కట్టిన గవర్నర్ కూడా ఇతనే. హాలిఫాక్స్‌లోని అతని విగ్రహాన్ని 2018లో తీసేశారు.

1755 జులై

కార్న్‌వాలిస్ తర్వాత కొంతకాలానికి పగ్గాలు చార్లెస్ లారెన్స్ అనే సైనికాధికారి చేతికొచ్చాయి. 1754 ఆగస్టులో, అంటే గెంటివేతకు ఏడాది ముందు, అతను లండన్‌కు రాసిన ఉత్తరం ఒకటుంది. ఈ రాష్ట్రంలో మంచి నేల, పెద్ద నేల అంతా వీళ్ల చేతుల్లోనే ఉంది, ప్రమాణం చేయకపోతే వీళ్లు లేకుండా పోవడమే మేలు అని దాని సారాంశం. ప్రమాణమూ నేలా ఒకే ఉత్తరంలో పక్కపక్కనే ఉన్నాయి. ప్రమాణం నిజంగా కారణమా, సాకా అన్న వాదన చరిత్రకారుల్లో ఇప్పటికీ నడుస్తోంది. నా మటుకు నాకు ఆ ఉత్తరం చదివాక సాకు అనే వైపే మొగ్గు.

1755 జూన్‌లో రాబర్ట్ మాంక్టన్ నాయకత్వంలోని బలగం ఫ్రెంచి కోట బోసెజూర్‌ను పట్టుకుంది. అందులో రెండు మూడు వందల మంది అకాడియన్లు ఆయుధాలతో దొరికారు. ఫ్రెంచివాళ్లు ప్రాణం తీస్తామని బెదిరించి పెట్టుకున్నారని వాళ్లు చెప్పారు. హాలిఫాక్స్‌కు మాత్రం తటస్థత బూటకమని చూపడానికి సాక్ష్యం దొరికింది. జులై 9న ఒహాయో లోయలో బ్రిటిష్ జనరల్ బ్రాడక్ సేన ఘోరంగా ఓడిపోయింది. ఆ వార్త ఆ నెలలోనే హాలిఫాక్స్ చేరి టెన్షన్ పెంచింది.

ఈలోగా మైనాస్ ఊళ్ల నుంచి ప్రతినిధులు హాలిఫాక్స్ వచ్చారు. వాళ్లొచ్చింది తమ దగ్గర లాక్కున్న తుపాకులూ పడవలూ తిరిగివ్వమన్న అర్జీ మీద. లారెన్స్‌తో కలిసి పాలన నడిపే కౌన్సిల్ ఆ సంగతి పక్కన పెట్టి, షరతు లేని ప్రమాణం ఇక్కడే ఇప్పుడే చేయమంది. మా ఊళ్లవాళ్లను అడగకుండా చేయలేం అన్నారు వాళ్లు. మర్నాటికి తేల్చుకోమన్నారు. మర్నాడూ కాదన్నారు. అప్పుడు మిమ్మల్ని బ్రిటిష్ ప్రజలుగా ఇక చూడం, పంపేస్తాం అని చెప్పేసరికి భయపడి, సరే చేస్తాం అన్నారు. ఆలస్యమైంది, ఒకసారి నిరాకరించిన క్యాథలిక్కు చేత చట్టప్రకారం మళ్లీ ప్రమాణం తీసుకోకూడదు అని జవాబొచ్చింది. వాళ్లను రేవులోని జార్జెస్ దీవిలో పెట్టి తాళం వేశారు.

మొదట్లో నేను అడిగిన ప్రశ్న ఇక్కడ తలకిందులవుతుంది. ప్రమాణం చేస్తామన్నవాళ్లను కూడా చేయనివ్వలేదు.

జులై 28న మిగిలిన ఊళ్ల ప్రతినిధులు కూడా కాదన్నాక, కౌన్సిల్ అందరినీ పంపేయాలని తీర్మానించింది. ప్రధాన న్యాయమూర్తి జోనథన్ బెల్చర్ అదే రోజు రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చాడు. చట్టం మాటలు కొన్ని, అవసరం మాటలు ఎక్కువ. ఇంత సైన్యం చేతిలో ఉన్న ఇలాంటి అదను మళ్లీ రాకపోవచ్చన్నది అందులో ఒక వాదన. న్యూ ఇంగ్లండ్ నుంచి జీతం మీద వచ్చిన 2 వేల మంది సైనికులు అప్పటికే అక్కడున్నారు. బ్రిటన్ ఫ్రాన్స్ మీద అధికారికంగా యుద్ధం ప్రకటించింది 1756 మేలో. అంటే ఇదంతా కాగితం ప్రకారం శాంతికాలంలో, నలభై ఏళ్లుగా బ్రిటిష్ ప్రజలుగా లెక్కలో ఉన్నవాళ్ల మీద జరిగింది.

మరి లండన్ ఆజ్ఞ ఉందా? ముందస్తు ఆజ్ఞ లేదు. జాగ్రత్తగా, ఆచితూచి అడుగేయమని మంత్రి థామస్ రాబిన్సన్ ఆగస్టు 13న రాసిన ఉత్తరం సముద్రం దాటేసరికి ఓడలు నిండిపోయాయి. కానీ జరిగినదాన్ని లండన్ తప్పుపట్టనూ లేదు. 1756లో లారెన్స్‌ను పూర్తిస్థాయి గవర్నర్‌ను చేసింది. ఒకరి తెగింపు, ఇంకొకరి మౌనం. బాధ్యత ఎవరిదని అడిగితే ఇద్దరి పేర్లూ రాయాల్సిందే.

గ్రాండ్ ప్రే చర్చిలో

సెప్టెంబరు 5, మధ్యాహ్నం 3 గంటలు. పదేళ్లు దాటిన మగపిల్లలతో సహా మగవాళ్లంతా చర్చికి రావాలని, రాజుగారి ఉత్తర్వు చదువుతారని చాటింపు వేశారు. 418 మంది వచ్చారు. తలుపులు మూశారు. మసాచుసెట్స్ నుంచి వచ్చిన లెఫ్టినెంట్ కల్నల్ జాన్ విన్స్‌లో దుబాసీల సాయంతో చదివి వినిపించాడు. మీ భూములు, ఇళ్లు, గొడ్లు అన్నీ రాజుగారి పరం. డబ్బు, ఇంటి సామాను మీరు తీసుకెళ్లవచ్చు. ఈ పని తన స్వభావానికి ఎంతో కష్టంగా ఉందని కూడా ఆ ప్రసంగంలోనే అన్నాడు. ఈ విన్స్‌లో ముత్తాత ఎడ్వర్డ్ విన్స్‌లో, మతం కారణంగా ఇంగ్లండ్ వదిలి మేఫ్లవర్ ఓడలో వచ్చినవాడు.

అన్నాపొలిస్ రాయల్‌లో ఇదే పని చేయాల్సొచ్చిన మేజర్ జాన్ హాండ్‌ఫీల్డ్ పరిస్థితి ఇంకా విచిత్రం. అతని భార్య తల్లి అకాడియన్. ఓడలెక్కించాల్సినవాళ్లలో అత్తవారి వైపు చుట్టాలున్నారు.

విన్స్‌లో డైరీ రాశాడు, లెక్కలూ రాశాడు. మైనాస్ ప్రాంతంలో తగలబెట్టినవి 255 ఇళ్లు, 276 గాదెలు, 11 మిల్లులు. తగలబెట్టడం కోపంతో చేసింది కాదు. తప్పించుకుని అడవిలోకి పోయినవాళ్లకు తిరిగి రావడానికి నీడ ఉండకూడదని. కరకట్టలను మాత్రం తగలబెట్టలేరు, అక్కర్లేదు కూడా.

అక్టోబరు 27న మొదటి పెద్ద ఓడల గుంపు కదిలింది. బోస్టన్ వ్యాపారులు ఆప్‌థార్ప్, హాంకాక్ అద్దెకు కుదిర్చిన సరుకు ఓడలవి. టన్నుకు ఇద్దరు మనుషుల లెక్క. కుటుంబాలను కలిపే పంపుతామన్నారు. కానీ ఓడలు తక్కువ, హడావుడి ఎక్కువ. కొన్ని కుటుంబాలు వేర్వేరు ఓడల్లో పడ్డాయి. అకాడియన్ కుటుంబం అంటే తాతలు, మేనమామలు, పెళ్లయిన కూతుళ్లు అందరూ కలిసిన ఊరని అధికారులకు పట్టలేదు. పెంబ్రోక్ అనే ఓడలో ఉన్న 232 మంది అకాడియన్లు ఓడ సిబ్బందిని లొంగదీసుకుని ఓడను సెయింట్ జాన్ నది వైపు మళ్లించుకుపోయారు. అలాంటి అదృష్టం ఇంకెవరికీ పెద్దగా పట్టలేదు.

పునరావాసం అనే మాట పనికిరాదు

ఇలాంటి సంఘటనలకు 'తరలింపు, పునరావాసం' అని జంటగా రాయడం మామూలు. ఇక్కడ రెండో మాట చెల్లదు. లారెన్స్ ఉద్దేశం వీళ్లను ఇంకోచోట ఊరుగా నిలబెట్టడం కాదు. మళ్లీ ఊరు కాకుండా చేయడం. అందుకే దగ్గర్లోని ఫ్రెంచి క్యూబెక్‌కు పంపలేదు, మసాచుసెట్స్ నుంచి జార్జియా దాకా ఉన్న ఇంగ్లిష్ రాష్ట్రాల్లో కొన్ని వందల చొప్పున పంచాడు. ఆ రాష్ట్రాల గవర్నర్లకు ముందు కబురు కూడా లేదు. ఉత్తరాలు ఆ ఓడల్లోనే వెళ్లాయి. రేవులో ఓడ ఆగాక, ఉత్తరం విప్పి చూసుకున్నాకే ఇంతమంది ఇక మీ బాధ్యత అని తెలిసింది.

మసాచుసెట్స్‌కు 2 వేల మంది దాకా చేరారు. పల్లెలకు పంచారు. పిల్లలను పనికి ఇంగ్లిష్ ఇళ్లలో పెట్టారు. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. ఫిలడెల్ఫియాలో మశూచి భయంతో కొన్నాళ్లు ఓడల్లోంచి దిగనివ్వలేదు. అక్కడ ఆంథొనీ బెనెజే అనే క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖవాడు) ఒక్కడు ఇల్లిల్లూ తిరిగి సాయం చేశాడు. వర్జీనియా సుమారు 1,200 మందిని అసలు ఉంచుకోనే లేదు, 1756లో ఇంగ్లండ్‌కు పంపేసింది. లివర్‌పూల్, బ్రిస్టల్, సౌతాంప్టన్ లాంటి రేవుల్లో ఏడేళ్లు ఉన్నారు. మశూచి వచ్చింది. 1763లో సంధి కుదిరి ఫ్రాన్స్‌కు పంపే వేళకు 900 మంది కూడా మిగల్లేదు.

1758లో లూయిస్‌బర్గ్ రెండోసారి పడింది. అప్పుడు రెండో విడత. ఇప్పటి ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి నుంచి సుమారు 3 వేల మందిని తిన్నగా ఫ్రాన్స్‌కు పంపారు. ఆ డిసెంబరులో డ్యూక్ విలియం, వయొలెట్ అనే ఓడలు మునిగాయి. ఆ రెండింటిలోనే 600 మందికి పైగా పోయారు. డ్యూక్ విలియం కెప్టెనూ అతని మనుషులూ చిన్న పడవల్లో బయటపడ్డారు. 1755 నుంచి 1763 వరకు మొత్తం పంపేసినవాళ్లు 11 వేలకు పైనే అని అంచనా. జబ్బులు, ఆకలి, మునకలు కలిపి వేలల్లో చనిపోయారు. అడవుల్లోకి పారిపోయినవాళ్ల గతి మెరుగ్గా ఏమీ లేదు. మిరమిషీ నది ఒడ్డున 'ఆశల శిబిరం' అని పేరు పెట్టుకున్న చోట 1756-57 చలికాలంలో వందల మంది ఆకలికి చనిపోయారు.

ఫ్రాన్స్ చేరినవాళ్లకైనా సొంతగూడు దొరికిందా అంటే అదీ లేదు. నూట పాతికేళ్ల కింద తాతముత్తాతలు వదిలిన దేశం వీళ్లకు పరాయిదే. 1765లో 78 కుటుంబాలకు బెల్ ఈల్ దీవిలో పొలాలిచ్చారు. 1770ల్లో పోయతూలో రాళ్ల నేల ఇచ్చి వ్యవసాయం చేయమన్నారు, చాలామంది విసిగిపోయి నాంత్ రేవుకు తిరిగొచ్చారు. సముద్రం నుంచి నేల గుంజుకోవడం తెలిసినవాళ్లను తీసుకెళ్లి రాళ్లలో పెడితే ఏమవుతుంది.

ఇక లూసియానా. అకాడియన్లను బ్రిటిష్‌వాళ్లు లూసియానాకు పంపారని చాలాచోట్ల రాస్తుంటారు. తప్పు. ఒక్క ఓడ కూడా అలా వెళ్లలేదు. గెంటివేత ముగిశాక వాళ్లంతట వాళ్లు ఎంచుకున్న చోటు అది. 1765లో బోసొలే బ్రూసార్ సుమారు 200 మందితో హాలిఫాక్స్ నుంచి బయల్దేరి కరీబియన్ మీదుగా న్యూ ఆర్లియన్స్ చేరాడు, అదే ఏడు చనిపోయాడు. లూసియానా అప్పటికే స్పెయిన్‌కు దక్కింది. క్యాథలిక్ రైతులు కావాలని స్పెయిన్ చూస్తోంది. 1785లో ఫ్రాన్స్‌లో విసిగిపోయిన 1,600 మందిని ఏడు ఓడల్లో స్పెయిన్ తన ఖర్చుతో తెచ్చుకుంది. అకాడియన్ అనే మాట అక్కడ నోళ్లలో నలిగి కేజన్ అయింది. ఈ కథలో సౌకర్యంగా వదిలేసే ముక్క ఒకటుంది. లూసియానాలో నిలదొక్కుకున్న అకాడియన్లలో చాలామంది తర్వాతి తరాల్లో బానిసలను కొన్నారు. బాధితులైనంత మాత్రాన ఇంకొకరిని బాధించరని లేదు.

1847లో అమెరికన్ కవి లాంగ్‌ఫెలో రాసిన 'ఎవాంజెలిన్' వల్ల ఈ సంఘటన లోకానికి తెలిసింది. విడిపోయిన ప్రేమికురాలు ఏళ్ల తరబడి వెతికి, చివరికి అతన్ని చావు పక్క మీద కలుసుకునే కల్పిత కథ. కన్నీళ్లు వచ్చాయి, నేలా ప్రమాణమూ కౌన్సిల్ గదీ వెనక్కి పోయాయి. అకాడియన్లు తామైతే దీన్ని 'ల గ్రాఁ దెరాంజ్‌మాఁ' అంటారు, 'పెద్ద కలత' అని చెప్పుకోవచ్చు. ఇంత పెద్ద దానికి ఎంత మెత్తటి మాటో. ఈనాటి చరిత్రకారుల్లో కొందరు దీన్ని జాతి ప్రక్షాళన అంటున్నారు.

1990లో లూసియానా లాయర్ వారెన్ పెరిన్ బ్రిటిష్ రాణికి ఒక అర్జీ పెట్టాడు. డబ్బు అడగలేదు, తప్పు జరిగిందని ఒప్పుకోమన్నాడు. 2003 డిసెంబరులో కెనడా గవర్నర్ జనరల్ రాణి పేరిట ఒక ప్రకటన మీద సంతకం చేశారు. జరిగిన అన్యాయాన్ని అది ఒప్పుకుంది, ఏటా జులై 28ని స్మారకదినం చేసింది. దీన్ని బట్టి చట్టపరమైన బాధ్యత ఏమీ పుట్టదని కూడా అందులోనే రాసుకున్నారు. ఫిలిప్స్ ప్రమాణపత్రంలో దొరకని షరతు ఈ పత్రంలో మాత్రం శుభ్రంగా అచ్చయింది.

మళ్లీ కట్టల దగ్గరికి

ఖాళీ అయిన నేల సంగతి మిగిలింది. 1758లో లారెన్స్ న్యూ ఇంగ్లండ్ రైతులకు ప్రకటన ఇచ్చాడు, నూరేళ్లుగా సాగులో ఉన్న నేలలు, ఎరువు అక్కర్లేని నేలలు రండి అని. 1760ల్లో సుమారు 8 వేల మంది వచ్చారు. వాళ్లొచ్చేలోపే 1759 నవంబరులో పెద్ద తుపాను వచ్చి కట్టలకు గండ్లు పడ్డాయి. నాలుగేళ్లుగా పట్టించుకున్నవాళ్లు లేరు. ఉప్పునీరు లోపలికి వచ్చేసింది. కొత్తవాళ్లు కొండ పొలాల రైతులు, అబ్వాతో ఎలా కట్టాలో వాళ్లకు తెలియదు.

తెలిసినవాళ్లు దగ్గర్లోనే ఉన్నారు, కోటల్లో ఖైదీలుగా. అడవుల్లో పట్టుబడినవాళ్లను, లొంగిపోయినవాళ్లను ఫోర్ట్ ఎడ్వర్డ్‌లో, హాలిఫాక్స్‌లో ఉంచారు. వాళ్లను కూలికి తెచ్చి కట్టలు కట్టించారు. 1762లో, అప్పటికి పాలనాధికారి అయిన అదే బెల్చర్ ఖైదీల్లో వెయ్యిమందికి పైగా ఓడలెక్కించి బోస్టన్‌కు పంపితే, బోస్టన్ దింపుకోకుండా తిప్పి పంపింది.

1764లో బ్రిటన్ అకాడియన్లను ఉండనిస్తామంది, ప్రమాణం చేసి, చిన్నచిన్న గుంపులుగా విడివిడిగా ఉండే షరతు మీద. ప్రమాణం చేశారు. కానీ పాత పొలాలు అప్పటికే వేరేవాళ్లవి. న్యూ బ్రన్స్‌విక్ ఈశాన్య తీరంలో, నోవా స్కోషియాలో సెయింట్ మేరీస్ బే ఒడ్డున, షెటికాంప్‌లో, ఎవరూ అడగని రాతి తీరాల్లో దిగారు. కరకట్టల రైతుల మనవలు జెర్సీ దీవి వ్యాపారుల దగ్గర అప్పు మీద వలలు తీసుకుని కాడ్ చేపలు పట్టారు.

1765 వసంతంలో గ్రాండ్ ప్రే చుట్టుపక్కల కింగ్స్ కౌంటీలో స్థిరపడ్డ కొత్త రైతులు హాలిఫాక్స్‌కు ఒక అర్జీ పంపుకున్నారు. తమ దగ్గరున్న అకాడియన్ కూలీలను వేరే చోటికి తీసుకుపోవద్దని. కట్టలు కట్టడంలో, బాగు చేయడంలో వాళ్లకు అనుభవముందని, వాళ్లు లేకపోతే తమలో చాలామంది ఈ సాగు కొనసాగించలేరని అందులో రాశారు.